సొంత ఇల్లు, ఊరి రోడ్డు: ఒక గేటు ముందరి ఐదు బోర్డుల కేసు

విజయనగరంలో రింగు రోడ్డుకు ఆవల ఉన్న ఒక నివాస కాలనీలో, దసరాకు వారం రోజుల ముందు ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడి ఇంటికి నగరపాలక సంస్థ నుంచి నోటీసు వచ్చింది. ఇంటి మీద, గోడ మీద, గేటు ముందు అనుమతి లేకుండా ఉన్న ప్రదర్శనలన్నిటినీ మూడు రోజుల్లో తొలగించాలనీ, లేకపోతే తామే తొలగించి ఖర్చు వసూలు చేస్తామనీ అందులో ఉంది. పండుగ ముందు వీధులన్నీ చూసుకుంటూ వెళ్లి ఇచ్చిన నోటీసు కాబట్టి, ఏ బోర్డు ఏ కారణం చేత తప్పో అందులో విడదీసి చెప్పలేదు. చెప్పాలని ఆశించడం కూడా న్యాయం కాదు. ఆ ఇంటికి ప్లాను గీసి సంతకం చేసిన లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్‌ను, అంటే ప్లాన్లు గీయడానికి లైసెన్సు ఉన్న ఇంజనీరును, నేనే కనుక మాస్టారు నోటీసు పట్టుకొని తిన్నగా నా దగ్గరికే వచ్చారు. ఆయన వాదన ఒక్క వాక్యంలో ఇమిడిపోయేది: "నా ఇల్లు, నా గోడ, నా గేటు, నా ఇష్టం వచ్చిన బోర్డు నేను పెట్టుకుంటే ఒకరికేం బాధ?"

ఇలాంటి కేసులో ఫీజు చిన్నది, పని పెద్దది. అయినా దీన్ని వివరంగా రాయడానికి కారణం ఉంది. ఒకే ఇంటి ముందు ఐదు రకాల తాత్కాలిక ప్రదర్శనలు ఒకేసారి ఉండడం, ఆ ఐదింటికీ ఐదు వేర్వేరు జవాబులు రావడం నా అనుభవంలో ఇదే మొదటిసారి. అన్నిటికంటే ముఖ్యంగా, నేను మొదట రాసిన జవాబు తప్పు.

ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి. 200 చదరపు గజాల స్థలం, 30 అడుగుల లేఅవుట్ రోడ్డు, కింద మాస్టారి కుటుంబం, పై అంతస్తు ఖాళీ. గేటు కమ్మీలకు "పై పోర్షన్ అద్దెకు ఇవ్వబడును" అని ఫోన్ నంబరుతో రెండడుగుల రేకు బోర్డు వేలాడుతోంది. గేటు కుడి స్తంభానికి ఆయన కోడలు చెప్పే ట్యూషన్ల బోర్డు ఉంది. దాని చుట్టూ రంగురంగుల ఎల్ఈడీ స్ట్రిప్ తిప్పి ఉంది. పక్క సందు వైపు ప్రహరీ గోడకు ఒక ప్లాట్ల వెంచర్ ఫ్లెక్సీ కట్టి ఉంది. డాబా మీద ఐరన్ యాంగిళ్లతో ఫ్రేము నిలబెట్టి, 12 అడుగుల పొడవూ 8 అడుగుల ఎత్తూ ఉన్న పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవ శుభాకాంక్షల ఫ్లెక్సీ బిగించారు; అందులో అమ్మవారి బొమ్మ పాలు ఎంతో, వీధి కుర్రాళ్ల పాస్‌పోర్ట్ ఫొటోల పాలు ఎంతో కొలవడం నా వృత్తిలోకి రాదు. అయిదోది పెళ్లి ఆర్చి. మాస్టారి రెండో అమ్మాయి పెళ్లి దసరా వెళ్లాక ఉంది. ఆర్చి మాత్రం అప్పుడే, గేటు ముందు రోడ్డుకు రెండు పక్కలా సరుగుడు గెడలు పాతి నిలబెట్టేశారు.

చట్టం ఏమంటుందో మాస్టారికి చెప్పిన క్రమంలోనే ఇక్కడా చెబుతాను. విజయనగరం, శ్రీకాకుళం ఇప్పుడు నగరపాలక సంస్థలు కాబట్టి ఈ రెండు చోట్లా 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం వర్తిస్తుంది. బొబ్బిలి, పలాస వంటి పురపాలక పట్టణాలలో 1965 నాటి మున్సిపాలిటీల చట్టం చూడాలి. 1955 చట్టంలో మనకు పనికివచ్చేవి రెండు సెక్షన్లు. 420వ సెక్షను "స్కై సైన్" గురించి. కట్టడం మీద గానీ దాని పైన గానీ స్తంభమో ఫ్రేమో ఆధారంగా నిలబెట్టిన ప్రకటన, వీధిలో ఏదో ఒక చోటి నుంచి చూసినప్పుడు ఆకాశం మీద కనిపిస్తే, అది స్కై సైన్ అవుతుంది. 421వ సెక్షను మిగిలిన ప్రకటనల గురించి. కమిషనర్ రాతపూర్వక అనుమతి లేకుండా నేల మీద, కట్టడం మీద, గోడ మీద ఏ ప్రకటననూ నిలబెట్టకూడదు, ఉంచకూడదు అన్నది దాని మొదటి మాట. చాలామంది అధికారులూ, చాలామంది గృహస్థులూ చదవడం అక్కడితో ఆపేస్తారు. దాని వెంటనే ఒక మినహాయింపు ఉంది. దీపాలు లేనిదీ, స్కై సైన్ కానిదీ అయిన ప్రకటనను కిటికీ లోపల ప్రదర్శించినా, లేదా ఆ ప్రకటన ఆ ఆవరణలోనే జరిగే వ్యాపారానికో, ఆ ఇంటి అమ్మకానికో అద్దెకో, ఆ ఆవరణలో జరగబోయే వేడుకకో సమావేశానికో సంబంధించినదైనా, దానికి అనుమతి అక్కరలేదు.

ఈ మినహాయింపు చదివి వినిపించగానే మాస్టారి ముఖం వికసించింది. "అయితే నాలుగు నిలబడ్డట్టే కదా! అద్దె బోర్డు, ట్యూషన్ బోర్డు, పెళ్లి ఆర్చి, ఎటూ అమ్మవారిది..." అని వేళ్లు మడవడం మొదలుపెట్టారు. నేను కూడా దాదాపు అదే మార్గంలో ఆలోచించి ఆ సాయంత్రమే జవాబు చిత్తు రాశాను. అద్దె బోర్డు, ట్యూషన్ బోర్డు, పెళ్లి ఆర్చి మూడూ మినహాయింపు కిందికి వస్తాయనీ, వెంచర్ ఫ్లెక్సీ, డాబా మీది ఫ్లెక్సీ రెంటినీ తీసివేస్తామనీ, మిగిలినవన్నీ "స్వంత స్థలంలో" ఉన్నాయనీ రాశాను. ఆ "స్వంత స్థలంలో" అన్న రెండు మాటల కోసం నేను చేసిన పరిశీలన ఏమిటంటే, సిమెంటు రోడ్డు నడిమధ్య నుంచి ప్రహరీ వరకు టేపు పట్టడం. పదిహేను అడుగులు సరిగ్గా వచ్చాయి. 30 అడుగుల రోడ్డులో సగం పదిహేను. ఇంకేం కావాలి అనుకున్నాను.

మర్నాడు ఉదయం ఆ చిత్తును సాఫు చేస్తూ పాత ఫైలు తీసి లేఅవుట్ నకలు పరిచాను. సిమెంటు రోడ్డు వెడల్పు 18 అడుగులే. మిగిలిన పన్నెండు అడుగులు రెండు వైపులా కాలువకూ మార్జిన్‌కూ వదిలినవి. రోడ్డు వేసేటప్పుడు ఎదుటి వైపు స్థలాలు ఖాళీగా ఉండడంతో అటువైపు కొంచెం జరిపి వేశారేమోనన్న అనుమానం అప్పుడు కలిగింది. సిమెంటు రోడ్డు నడుమ వేరు, లేఅవుట్ రోడ్డు నడుమ వేరు. ఈ తేడా మరిచిపోయి కొలిచేవాళ్లను నేనే ఎన్నోసార్లు కసురుకున్నాను. మళ్లీ వెళ్లి, వీధి మూల మీద మిగిలి ఉన్న లేఅవుట్ హద్దు రాయి నుంచి తాడు లాగి చూస్తే, అసలు నడుమ నుంచి మాస్టారి ప్రహరీకి 13 అడుగుల 9 అంగుళాలు మాత్రమే వచ్చాయి. అంటే ప్రహరీ గోడ, గేటు, గేటు స్తంభాలు అడుగుంపావు మేర రోడ్డు మార్జిన్‌లో ఉన్నాయి. ప్లాను నాది, సంతకం నాది. గోడ మాత్రం ఇల్లు పూర్తయిన తరువాత మేస్త్రీ పక్కింటి గోడ వరస చూసుకొని కట్టేశాడు. ఆ రోజు నేను వెళ్లి చూడలేదు. చూసి ఉంటే ఈ కేసు ఇంత పెద్దదయ్యేది కాదు.

ఈ కొలతతో జవాబు మొత్తం తలకిందులైంది. 421వ సెక్షను మినహాయింపు ప్రకటనకు అనుమతి అవసరమా కాదా అన్నదాని గురించి మాట్లాడుతుందే తప్ప, ఊరి రోడ్డు మీద వస్తువు పెట్టుకునే హక్కు ఎవరికీ ఇవ్వదు. వీధిలో ఆటంకం కలిగించే కట్టడాలకూ, బిగింపులకూ అదే చట్టంలోని 402వ సెక్షను వేరేగా ఉంది. కాబట్టి "ఇల్లు అద్దెకు" అన్న బోర్డు రాతను బట్టి నిర్దోషి, దాన్ని మోస్తున్న గేటును బట్టి దోషి. నివాస గృహాల దగ్గర తాత్కాలిక బోర్డుల విషయంలో మనం మొదట అడగవలసిన ప్రశ్న "దాని మీద ఏం రాసి ఉంది?" అన్నది కాదని, "అది ఎవరి నేల మీద నిలబడింది?" అన్నదని నేను ఇప్పుడు గట్టిగా నమ్ముతాను. రెండో ప్రశ్న "దేన్ని ఆధారం చేసుకొని నిలబడింది?" మూడోది "ఎన్నాళ్లు?" రాత గురించిన ప్రశ్న ఆ తరువాతే రావాలి. నా చిత్తులో నేను సరిగ్గా వెనక నుంచి మొదలుపెట్టాను.

ఇక ఒక్కొక్కదాని సంగతి.

అద్దె బోర్డు

దీనికి పెద్దగా చెప్పవలసింది లేదు. గేటు నుంచి తీసి వరండా గ్రిల్లుకు కట్టించాం. అక్కడ అది నిస్సందేహంగా సొంత స్థలంలో ఉంది, వీధిలోకి కనిపిస్తుంది, ఫోన్ నంబరు చదువుకోవచ్చు. అదే ఒక బ్రోకరు వచ్చి తన దగ్గరున్న నాలుగు ఇళ్ల వివరాలు రాసిన బోర్డును మాస్టారి గ్రిల్లుకు కట్టి ఉంటే మినహాయింపు దక్కేది కాదు. ఎందుకంటే చట్టం విడిచిపెట్టేది ఆ ఇంటి అద్దె ప్రకటననే, ఆ ఇంటి మీద పెట్టిన పరాయి ఇళ్ల అద్దె ప్రకటనను కాదు.

ట్యూషన్ బోర్డు

ఇక్కడ చిక్కు స్తంభం ఒక్కటే కాదు, దీపాలు కూడా. బోర్డు ఏడాదిగా ఉంది. ఎల్ఈడీ స్ట్రిప్ మాత్రం నవరాత్రుల పేరుతో పది రోజుల కిందట వచ్చింది. మినహాయింపు దీపాలు లేని ప్రకటనకే కాబట్టి, ఆ స్ట్రిప్ వెలిగినంతసేపూ ఏడాదిగా నిశ్చింతగా ఉన్న బోర్డు అనుమతి కావలసిన బోర్డుగా మారిపోయిందని నా అభిప్రాయం. చుట్టూ తిప్పిన అలంకార దీపాలు బోర్డుకు చెందవని వాదించే వీలు లేకపోలేదు గానీ, మూడు వందల రూపాయల స్ట్రిప్ కోసం ఆ వాదన నెత్తిన వేసుకోవడం దండగ. మాస్టారి కోడలు నా కంటే తెలివైనది. "అంకుల్, బోర్డు హాల్లోకి తెచ్చి వీధి వైపు కిటికీ అద్దం లోపల పెట్టేస్తే?" అని అడిగింది. కిటికీ లోపలి ప్రదర్శన మినహాయింపులో మొదటి అంశం. దీపాలు తీసేసి బోర్డు కిటికీలో పెట్టారు. వాన తగలదు, గాలికి ఊగదు, ఎవరూ పీకరు.

వెంచర్ ఫ్లెక్సీ

నివాస గోడల మీద కనిపించే పరాయి ప్రకటనల్లో చాలా వరకు యజమానికి చెప్పకుండా కట్టినవే. అలాంటి సందర్భంలో గృహస్థుడికి చట్టంలో రక్షణ ఉంది, అయితే అది అరకొర రక్షణ. అనుమతి లేని ప్రకటన కనిపిస్తే దాన్ని పెట్టినవాడు ఆ స్థలం యజమానే, లేదా అందులో ఉంటున్నవాడే అని చట్టం మొదట భావిస్తుంది. అది తన అదుపులో లేని మనిషి చేసిన పని అనో, తన ప్రోద్బలం, మౌనాంగీకారం లేకుండా జరిగిందనో నిరూపించుకునే భారం ఆయనదే. మాస్టారు మొదట తనకేమీ తెలియదన్నారు. మాటల మధ్యలో లోపలి నుంచి అమ్మగారు, "మొన్న వాళ్లే కదండీ స్వీటు డబ్బా, క్యాలెండరు ఇచ్చి వెళ్లారు" అని అందుకున్నారు. హాల్లో గోడకు వేలాడుతున్న క్యాలెండరు మీద అదే వెంచర్ బొమ్మ ఉంది. మౌనాంగీకారానికి ఇంతకంటే సాక్ష్యం ఎవరు తేగలరు? ఫ్లెక్సీని ఆ మధ్యాహ్నమే విప్పించాం.

విప్పడానికి ముందు ఫొటోలు తీసి, వెనక వైపు ప్రింటరు గుర్తులు చూసి, మందం కూడా గమనించాను. 2022 జూలై 1 నుంచి కేంద్ర నిబంధనల కింద 100 మైక్రాన్ల లోపు మందం ఉన్న ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లు నిషేధం. ఇది దాని కంటే దళసరిదే. రాష్ట్ర ప్రభుత్వం 2022లో ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించి, అమలు తేదీని ఆ ఏడాది నవంబరు 1 నుంచి 2023 జనవరి 26కు జరిపిన సంగతి మాస్టారు ప్రస్తావించారు. మాకు వచ్చిన నోటీసు ఆ ఆధారంతో ఇచ్చింది కాదు కాబట్టి జవాబులో దాని జోలికి పోలేదు. అడగని ప్రశ్నకు జవాబు రాయడం అన్ని ఆఫీసు ఉత్తరాలలోనూ ప్రమాదమే.

"పోనీ, ఏదో పన్ను కట్టేస్తాను, ఉంచనిస్తారా?" అని కూడా ఆయన అడిగారు. ప్రకటనల మీద పన్ను వేసే అధికారం రాష్ట్ర జాబితా 55వ పద్దులో ఉండేది. 2016లో వచ్చిన 101వ రాజ్యాంగ సవరణతో, అంటే జీఎస్టీ కోసం చేసిన సవరణతో, ఆ పద్దు తొలగిపోయింది. పన్ను పోయింది గానీ అనుమతి ఇచ్చే, నిరాకరించే అధికారం పోలేదు. డబ్బు కట్టిన రసీదు అనుమతి పత్రం కాదన్న మాట మన ఊళ్లలో ఎంత చెప్పినా చాలదు.

డాబా మీది ఫ్లెక్సీ

ఈ కేసులో నాకు నిజంగా భయం వేసింది ఇక్కడే. రాత్రి పూట చూసినప్పుడు దాని వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. స్కై సైన్ నిర్వచనానికి అంతకంటే చక్కటి ఉదాహరణ దొరకదు. పైగా ఆవరణలో జరిగే వేడుకతో దానికి సంబంధం లేదు. సిరిమాను తిరిగేది ఆ కాలనీకి దూరంగా, మూడు లాంతర్ల దగ్గరి గుడికీ కోటకూ మధ్య. కాబట్టి అనుమతి విషయంలో వాదించడానికి ఏమీ లేదు. భయం దాని గురించి కాదు.

ఫ్రేము అడుగు భాగం పారపెట్ గోడకు, అంటే డాబా అంచు పిట్టగోడకు, బైండింగ్ వైరు అనే సన్నటి ఇనుప తీగతో కట్టి ఉంది. రెండు యాంగిళ్లు గోడ దాటి వీధి వైపుకు వంగి ఉన్నాయి. అటుపక్కనే 11 కేవీ (పదకొండు వేల వోల్టుల) కరెంటు లైను వెళుతోంది. భవనానికీ 11 కేవీ తీగకూ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలన్నది విద్యుత్ భద్రతా నిబంధన. ఇల్లు కట్టినప్పుడు ఆ దూరం పాటించాం. ఇప్పుడు ఆ యాంగిలు కొసకూ తీగకూ మధ్య 80 సెంటీమీటర్లకు మించి లేదని కంటి అంచనాకే తెలుస్తోంది. ఇనుప టేపు పట్టుకొని దగ్గరికి వెళ్లే పని నేను చేయలేదు, ఎవరూ చేయకూడదు కూడా.

గాలి లెక్క కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే కుర్రాళ్లను ఒప్పించింది చివరికి అదే. 12 అడుగులకు 8 అడుగుల ఫ్లెక్సీ అంటే సుమారు 8.9 చదరపు మీటర్లు. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకొని, దాన్ని దానితోనే హెచ్చవేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది; కట్టడాల మీద పడే బరువులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలోని సూత్రం ఇదే. గంటకు 72 కిలోమీటర్ల గాలి, అంటే సెకనుకు 20 మీటర్లు వీస్తే చదరపు మీటరుకు 240 న్యూటన్లు; మొత్తం ఫ్లెక్సీ మీద రెండు వందల కిలోలకు పైగా బరువు పక్క నుంచి తోసినట్టు. అదే ప్రమాణంలో విశాఖపట్నానికి చూపిన మూల గాలి వేగం, అంటే కట్టడాల లెక్కకు ఆధారంగా తీసుకోవలసిన వేగం, సెకనుకు 50 మీటర్లు. ఆ వేగానికి ఈ తోపు ఆరు రెట్లు దాటుతుంది. దాన్ని ఆపడానికి ఉన్నది బైండింగ్ వైరు. గాలి పోవడానికని ఫ్లెక్సీలో అర్ధచంద్రాకారంగా అక్కడక్కడ కోసిన చీలికలు కనిపించాయి గానీ అవి కోసినవాడి మనశ్శాంతికే తప్ప ఫ్రేముకు పెద్దగా ఉపయోగపడవు.

ఈ లెక్కలు పుస్తకాల లెక్కలుగా తోచడానికి వీల్లేని ఊళ్లు మనవి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. తిత్లీ శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటింది 2018 అక్టోబరు 11న. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం, ముందు రోజు తొలేళ్లు. అవీ ఎక్కువ ఏళ్లలో అక్టోబరులోనే పడతాయి. అంటే మనం డాబాల మీద తెరచాపలు ఎత్తే కాలమూ, బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచే కాలమూ ఒక్కటే.

కుర్రాళ్లు ఐదుగురు వచ్చారు. అందులో ఒకతను, "ఏటండీ మాస్టారూ, అమ్మోరి ఫ్లెక్సీ కూడా తీసీమంతారేటి?" అని నేరుగా అడిగాడు. మాస్టారు తల వంచుకున్నారు. వాళ్లు ఆయన దగ్గర చదువుకున్న పిల్లలే. డాబా అడిగినప్పుడు మొహమాటపడి తాళం ఇచ్చారు. ఆ ప్రశ్నకు నేను చట్టం చెప్పలేదు. ఫ్రేము పడితే కింద నడిచేది ఎవరని అడిగాను. యాంగిలు తీగకు తగిలితే మెట్ల మీద తడి గుడ్డ ఆరేస్తున్న అమ్మగారికి ఏమవుతుందో చెప్పాను. చెన్నైలో 2019 సెప్టెంబరులో ఒక పెళ్లి స్వాగత బ్యానరు స్కూటీ మీద వెళుతున్న అమ్మాయి మీద పడి, వెనక వస్తున్న ట్యాంకరు కింద ఆమె ప్రాణం పోయిన సంగతి గుర్తుచేశాను. ముంబయిలోని ఘాట్కోపర్‌లో 2024 మే 13న, అంటే మనం ఓట్లు వేసిన రోజునే, పెట్రోలు బంకు మీద హోర్డింగు కూలి 17 మంది పోయారు. అది 120 అడుగుల హోర్డింగు, మీది 12 అడుగులది, రెంటికీ పోలిక లేదని మరో కుర్రాడు అన్నాడు. నిజమే. అప్పుడే కాగితం తీసి పై లెక్క వేసి చూపించాను. డిప్లొమా చదువుతున్న కుర్రాడు ఒకడు గుణకారం మళ్లీ చేసి, "నిజంగానే రెండు వందల కేజీలు" అని మిగిలినవాళ్లకు చెప్పాడు.

తీయడం కూడా చెప్పినంత సులభం కాదు. తీగ పక్కనున్న ఇనుమును కరెంటు ఉండగా కదిలించకూడదు. విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ లైన్‌మన్‌కు చెప్పి, లైను ఆపి పని చేసుకునే అనుమతి (లైన్ క్లియర్) తీసుకొని, సరఫరా ఆపిన తరువాతే విప్పాం, గంటలోపు పని. ఆ ఫ్లెక్సీకి బదులుగా కుర్రాళ్లు ఆరడుగుల గుడ్డ బ్యానరు రాయించుకొని వచ్చారు. దాన్ని మాస్టారు తన పేరు మీదనే వరండా లోపలి గోడకు, పారపెట్‌కు చాలా కింద కట్టించారు. ఫొటోలు లేవు, అమ్మవారి పేరు, శుభాకాంక్షలు మాత్రం ఉన్నాయి. గృహస్థుడు తన వరండాలో కట్టుకున్న పండుగ మాట చట్టం దృష్టిలో "ప్రకటన" అవుతుందా అన్నది చర్చించదగిన విషయమే. కాదని నా అభిప్రాయం. దానికి అధికారులూ అభ్యంతరం చెప్పలేదు.

ఇక్కడ మాస్టారి పెద్దల్లుడు అమెరికా నుంచి ఫోన్లో ఒక ప్రశ్న వేశారు. అక్కడ ఇంటి ముందరి గడ్డిలో ఎన్నికల బోర్డు పాతుకుంటారు, ఎవరూ అడగరు, ఇక్కడ ఎందుకీ గొడవ అని. అక్కడా అడిగారు. మిస్సోరీ రాష్ట్రంలోని లాడూ అనే చిన్న నగరం, ఇల్లు అమ్మకానికి, అద్దెకు అనే బోర్డులను ఉండనిచ్చి మిగిలిన చాలా బోర్డులను నివాస స్థలాల్లో నిషేధిస్తే, గల్ఫ్ యుద్ధం వద్దని ఇంటి ముందు బోర్డు పెట్టిన ఒక గృహిణి కోర్టుకెక్కింది; 1994లో వారి సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. అరిజోనాలోని గిల్బర్ట్ పట్టణం రాతను బట్టి బోర్డులకు వేర్వేరు కొలతలు పెట్టింది: భావాలు చెప్పే బోర్డుకు 20 చదరపు అడుగులు, సభకు దారి చూపే బోర్డుకు 6 చదరపు అడుగులు, అదీ సభకు 12 గంటల ముందు నుంచి ఒక గంట తరువాత వరకే. 2015లో అదే కోర్టు ఆ పద్ధతిని కొట్టేసింది. ఆ తీర్పులు మనకు వర్తించవు. మన 421వ సెక్షను మినహాయింపు లాడూ నగరపు మినహాయింపులాగానే రాతను చూసే తయారైంది. అయినా వాటిలో ఒక ఇంజనీరుకు నచ్చే సంగతి ఉంది: పరిమాణం, చోటు, బిగింపు, దీపాలు వీటిని నియంత్రించడానికి పురపాలకులకు అడ్డేమీ లేదని గిల్బర్ట్ తీర్పే చెప్పింది. మాస్టారి డాబా మీది ఫ్లెక్సీలో అమ్మవారికి బదులు అల్లుడిగారి పెళ్లి ఫొటో ఉన్నా గాలి అంతే తోసేది.

పెళ్లి ఆర్చి

రాతను బట్టి చూస్తే ఐదింటిలోనూ దీనికే ఎక్కువ బలం ఉంది. ఆ ఆవరణలో జరగబోయే వేడుక గురించే కదా. చోటును బట్టి చూస్తే దీనికే తక్కువ బలం. నాలుగు గెడలూ రోడ్డులోనే ఉన్నాయి. రెండు గెడల కోసం సిమెంటు రోడ్డు అంచును గునపంతో పొడిచారు; మరో రెండు కాలువలో దిగాయి. ఆర్చి కింద ఎత్తు తొమ్మిదడుగులు. అంబులెన్సు దూరుతుంది, అగ్నిమాపక శకటం దూరదు. పెళ్లికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఒక రోజు పందిరికి ముందుగా అనుమతి అడగడం, పోలీసులకు చెప్పడం, మర్నాడే తీసేయడం ఒక పద్ధతి. పద్దెనిమిది రోజుల ముందే వీధిని ఇంటి వాకిలి చేసుకోవడం మరో సంగతి.

అమ్మగారు దీనికి మాత్రం చాలా బాధపడ్డారు. ఆర్చి కట్టి విప్పడం అశుభమన్నారు. నేను పురోహితుణ్ని కాను కాబట్టి వాదించలేదు. ఆర్చి విప్పడం కాదనీ, లోపలికి జరపడమనీ చెప్పాం. గేటు దాటి లోపల, వాకిలి మెట్లకు రెండు పక్కలా ఇసుక నింపిన డబ్బాల్లో గెడలు నిలిపి అదే ఆర్చిని కట్టారు. వీధి నుంచి చూస్తే మునుపటి కంటే అందంగానే ఉంది. గునపం పోట్లు పడిన రోడ్డు అంచును మేస్త్రీ చేత పూడిపించి ఫొటో తీసి జవాబుకు జత చేశాం. పెళ్లి నాటి శామియానాకు వేరే దరఖాస్తు పెట్టాం. ఒక రాత్రి, ఒక పగలు, రోడ్డులో సగం వాహనాలకు వదలాలన్న షరతుతో అనుమతి వచ్చింది.

మధ్యలో మాస్టారి అబ్బాయి మరొకటి అడిగాడు: డాబా మీద ఆగస్టులో కట్టిన జాతీయ జెండా, పక్కన పార్టీ జెండా ఉన్నాయి, అవీ తీయాలా? జాతీయ పతాకాన్ని గౌరవంగా ఎగరవేసుకోవడం రాజ్యాంగంలోని భావప్రకటన స్వేచ్ఛ, అంటే 19(1)(ఎ) కింద హక్కు అని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. పతాక నియమావళికి చేసిన 2022 జూలై సవరణతో ఇంటి మీద రాత్రీపగలూ ఎగరవచ్చు. కాకపోతే చిరిగిన జెండా ఎగరకూడదు, ఆ జెండా అంచు చిరిగి ఉంది, తీసి మార్చారు. పార్టీ జెండాకు మామూలు రోజుల్లో పెద్ద సమస్య లేదు గానీ ఎన్నికల నియమావళి అమల్లోకి వస్తే లెక్క మారుతుంది. ఇంటి యజమాని ఎవరి బలవంతమూ లేకుండా తన ఇష్టంతో కట్టుకోవాలి, ఇతరులకు ఇబ్బంది కలగకూడదు. అభ్యర్థి మరొకరి ఇంటి మీద కట్టిస్తే యజమాని రాతపూర్వక సమ్మతి నకలును మూడు రోజుల్లో రిటర్నింగ్ అధికారికి ఇవ్వాలి. షెడ్యూలు వెలువడ్డాక ప్రైవేటు ఆస్తుల మీది అనధికార రాతలు, బ్యానర్ల తొలగింపుకు 72 గంటల గడువు ఉంటుంది. ఎన్నికల పోస్టరు మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా లేకపోతే అది 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షను కింద నేరమే. ఇవేవీ ఈ నోటీసుకు సంబంధించినవి కావు కాబట్టి ఆ అబ్బాయికి నోటితో చెప్పి వదిలేశాను.

జవాబు

గడువు చివరి రోజున ఇచ్చిన జవాబు ఒకటిన్నర పేజీ. ఐదు వస్తువులకు ఐదు పేరాలు, ప్రతి దానికీ తొలగింపుకు ముందు, తరువాత తీసిన ఫొటోలు. అద్దె బోర్డుకూ కిటికీలోని ట్యూషన్ బోర్డుకూ మాత్రమే 421వ సెక్షను మినహాయింపును ఉదహరించాం. మిగిలినవి తొలగించినట్టు గానీ లోపలికి జరిపినట్టు గానీ చెప్పాం. ప్రహరీ సంగతి రాయాలా వద్దా అన్న దగ్గర మాస్టారికీ నాకూ ఒక సాయంత్రం మాటా మాటా వచ్చింది. వాళ్లు అడగలేదు కదా, మీరే పట్టిస్తారా అని ఆయన అన్నారు. అడగని ప్రశ్నకు జవాబు రాయకూడదని ఫ్లెక్సీ దగ్గర నేను చెప్పిన మాటే నాకు తిప్పికొట్టారు. పాఠం చెప్పినవారు కదా. ఇద్దరం ఒక మధ్యే మార్గానికి వచ్చాం. జవాబులో ప్రహరీ గురించి ఏమీ రాయలేదు, అలాగని "స్వంత స్థలంలో" అన్న మాటను గేటుకు గానీ గోడకు గానీ సంబంధించి ఎక్కడా వాడలేదు. నా సంతకంతో అబద్ధం వెళ్లకూడదన్నది నా షరతు.

సచివాలయం నుంచి వార్డు ప్లానింగ్ కార్యదర్శి వచ్చి చూసి, కిటికీలోని బోర్డు దగ్గర ఒక నిమిషం ఆగి, ఫొటో తీసుకొని వెళ్లారు. చర్య ముగించినట్టు వారం తరువాత తెలిసింది. ఖర్చు వసూలు కాలేదు, ఎందుకంటే వాళ్లు తొలగించవలసినది ఏమీ మిగల్లేదు.

పెళ్లి బాగా జరిగింది. మూడో రోజున ఆర్చి విప్పారు. ఫ్లెక్సీ ఇప్పుడు మాస్టారి స్కూటరు మీద కప్పుగా ఉంది. కార్తీక మాసంలో పై పోర్షన్‌కు అద్దెకు మనుషులు దొరకడంతో గ్రిల్లు మీది బోర్డు కూడా దిగింది. ప్రహరీని అడుగుంపావు లోపలికి జరపడానికి నేను వేసిన ఎస్టిమేటు ఆయన బల్ల సొరుగులో ఉంది. సంక్రాంతి వెళ్లాక మొదలుపెడదామన్నారు; కూలి ఖర్చులో సగం నేను పెట్టుకుంటానని చెప్పాను.